వెదకని చోటు

(దేవస్థానం సభామండపంలో, ఉద్యోగ ప్రయత్నంలో ఉన్న యువతీయువకులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి ఒక విశ్రాంత ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంకాలం ఏదైనా నాలుగు మంచి మాటలు చెప్పమని దేవస్థానం వారు కోరారు. విషయం నా ఇష్టానికే విడిచిపెట్టారు. ఏమి చెప్పాలా అని ఆలోచిస్తూ ప్రదక్షిణం చేస్తుండగా ధ్వజస్తంభం దగ్గర ఒక తల్లి, ఆమె కుమారుడు కనిపించారు. మాటల సందర్భంలో ఆ తల్లి, "అబ్బాయికి ఇంటర్వ్యూ పిలుపు వస్తే మొక్కుకున్నామండి. ఉద్యోగం రాలేదు. స్వామివారికి మా మీద దయ లేదేమో" అని కన్నీరు తుడుచుకున్నది. కుమారుడు తల వంచుకొని, నాకు మాత్రమే వినబడేటట్లు, "స్వామివారిది ఏమీ లేదండి. నేనే సరిగా చెప్పలేకపోయాను" అన్నాడు.

ఆ ఒక్క మాటను పట్టుకొని ఈనాటి ప్రసంగం సాగిస్తాను. ఎందుకంటే ఆ పిల్లవాడి స్థానంలో నేనూ ఒకనాడు నిలబడ్డాను.

పరీక్షకు ముందు దైవదర్శనం చేసుకోవడం మన గోదావరి సీమలో తరతరాల ఆచారం. కోనసీమలోని అయినవిల్లి విఘ్నేశ్వరస్వామి సన్నిధిలో కలాలను అభిషేకించి విద్యార్థులకు ప్రసాదంగా పంచుతారు. వ్రాత పరీక్షకు వెళ్లే బిడ్డ చేతిలో ఆ కలం ఉంటే మనసుకు ఎంతో ధైర్యం. కానీ మౌఖిక పరీక్షకు వెళ్లే వాడి చేతిలో ఏమీ ఉండదు. అక్కడ నోటి మాటే కలం. ఆ మాట తడబడితే కొట్టివేసి తిరిగి వ్రాసే అవకాశం లేదు. అందువలననే వ్రాత పరీక్షలో తప్పిన వాడి కంటె ఇంటర్వ్యూలో తప్పిన వాడికి బాధ ఎక్కువ. కాగితం తప్పిందని అనుకోలేడు. తానే తప్పానని అనుకుంటాడు.

నా మొదటి ఇంటర్వ్యూ

ఇది సుమారు ఐదు దశాబ్దాల నాటి మాట. మాది కోనసీమలో కాలువ గట్టున ఒక పల్లె. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటి వాడిని నేను. ఒక కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. మా అమ్మ పసుపు బట్టలో ముడుపు కట్టింది. నాన్నగారు ధాన్యం అమ్మిన డబ్బుతో కొత్త చొక్కా కుట్టించారు. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి, యానాం మీదుగా కాకినాడ చేరి, అక్కడ రైలెక్కాను.

బల్లకు ఆవల ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. మొదటివారు నా దరఖాస్తు చూసి ఆదరంగానే, "మీది గోదావరి డెల్టా కదా. ధవళేశ్వరం ఆనకట్టకు ముందు మీ ప్రాంతం ఎట్లా ఉండేది? తరువాత ఏమి మారింది?" అని అడిగారు. ఆ కాలువ నీటిలో ఈత నేర్చుకున్నాను. ఆ నీటితో పండిన అన్నం తిని పెరిగాను. అయినా నా నోట, "నీళ్లు వస్తాయండి" అన్న ఒక్క మాట తప్ప మరొకటి రాలేదు. రెండవవారు ఏదో ఆర్థిక విషయం అడిగారు. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి కల్పించి చెప్పాను. ఆయన మరొక ప్రశ్న వేసేసరికి నా కల్పన పేకమేడలా కూలిపోయింది. మూడవవారు, "ఈ ఉద్యోగమే ఎందుకు కోరుకుంటున్నారు?" అన్నారు. "మా నాన్నగారు దరఖాస్తు పెట్టమన్నారండి" అన్నాను. ముగ్గురూ నవ్వారు. చివరికి "ఇక వెళ్లవచ్చు" అన్నప్పుడు నా నోట మన గోదావరి "ఆయ్" వచ్చింది. మళ్లీ నవ్వారు. ఆ నవ్వులో ద్వేషం లేదని ఈనాడు తెలుసు. ఆనాడు మాత్రం భూమి చీలితే బాగుండునని అనిపించింది.

తిరిగి వస్తుంటే పంటు మీద ఒక బంధువు, "ఏమైందిరా?" అన్నాడు. "వాళ్లకు కావలసిన మనుషులు ముందే ఉన్నారు బాబాయ్" అన్నాను. ఆ అబద్ధం చెప్పగానే మనసు తేలిక పడింది. నాకు జరిగిన అసలు నష్టం అదే. ఇంటర్వ్యూ అరగంటలో ముగిసింది. ఆ అబద్ధాన్ని మాత్రం నేను నెల రోజులు నమ్మాను. నమ్మినంత కాలం పుస్తకం ముట్టలేదు.

మా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిన మాస్టారు ఒకనాడు నన్ను పిలిపించారు. ఓదార్చలేదు, మందలించలేదు. "ఒరేయ్ అబ్బాయీ, వాళ్లు అడిగినవి అడిగినట్లు, నీవు చెప్పినవి చెప్పినట్లు ఒక కాగితం మీద వ్రాసి తీసుకురా. దిద్దుబాటు తరువాత చూద్దాం" అన్నారు. వ్రాయడానికి రెండు రోజులు పట్టింది. ఒక్కొక్క పంక్తి వ్రాస్తుంటే ముఖం వేడెక్కేది. వ్రాసి ముగించిన తరువాత ఒక వింత జరిగింది. నెల రోజులుగా నన్ను వేధించిన అవమానం మూడు ప్రశ్నలుగా మారిపోయింది. మూడు ప్రశ్నలకు సమాధానాలు వెదకవచ్చు. అవమానానికి సమాధానం వెదకలేము.

హనుమ చూపిన దారి

ఆ కాగితం చూసి మాస్టారు నాకు సుందరకాండలోని ఒక ఘట్టం జ్ఞాపకం చేశారు. మీ అందరికీ తెలిసినదే అయినా, ఈ దృష్టితో ఒకసారి చూడండి.

హనుమ శతయోజన సముద్రాన్ని దాటి లంకలో ప్రవేశించాడు. ఇంత సాధించిన తరువాత రావణుని అంతఃపురంలో నిద్రించుచున్న మండోదరిని చూసి సీతమ్మ అని భ్రమపడ్డాడు. పొరపాటు పడడమే కాదు, ఆనందంతో గంతులు కూడా వేశాడు. తరువాత నిదానించి, రాముని ఎడబాసిన సీతమ్మ ఇట్లు అలంకరించుకొని నిద్రించదని యోచించి, తన తప్పును తానే దిద్దుకొన్నాడు. మళ్లీ వెదకినాడు. కానరాలేదు. అప్పుడు ఆ మహాబలునికి నిరాశ కలిగింది. తిరిగి వెళ్లి ఏమని చెప్పను, వెళ్లకపోవడమే మేలు అన్నంతవరకు ఆలోచన సాగింది. వాల్మీకి మహర్షి ఆ నిరాశను దాచలేదు. హనుమంతునికే కలిగిన నిస్పృహ మన పిల్లలకు కలిగితే అది దోషం ఎట్లా అవుతుంది?

తరువాత ఏమైంది? దిగులు పడకుండా ఉండడమే సంపదకు మూలమని తనకు తాను చెప్పుకొన్నాడు. అంతటితో ఆగలేదు. ఏయే చోట్లు చూశానో, ఏది చూడలేదో లెక్క వేసుకొన్నాడు. ఎదుట అశోకవనం కనిపించింది. అది వెదకని చోటు. సీతమ్మ అక్కడనే ఉన్నది.

చూసిన చోట్లనే పదిమార్లు చూసి ఉంటే ఎంత ధైర్యం ఉన్నా ఫలితం ఉండేది కాదు. ధైర్యం ఒక్కటే చాలదు, శ్రమ ఒక్కటే చాలదు. వెదకని చోటు ఏదో గుర్తించాలి. "నీ అశోకవనం ఏదో ఈ కాగితంలో ఉంది, వెదుకు" అన్నారు మాస్టారు.

మన భీమవరం బిడ్డ

ఇది పురాణానికి మాత్రమే చెల్లుతుందని అనుకోవద్దు. మన డెల్టాలోనే జరిగిన కథ ఒకటి చెబుతాను. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమహేంద్రవరంలో చదువుకునే రోజుల్లో కుటుంబంలో మరణాలు సంభవించి చదువు కుంటుపడింది. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని పూర్తి కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించారు. శస్త్రవైద్య ఆచార్యునికి అది రుచించలేదు. ఎంబీబీఎస్ పట్టాకు బదులు దానికంటె తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికి వచ్చింది. మద్రాసు వైద్య సర్వీసులో చేరాలని ప్రయత్నించారు. ఫలించలేదు.

ఆయన అక్కడ కూలబడలేదు. దొరికిన పని చేపట్టారు. మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. పైచదువుకు ప్రయత్నం మానలేదు. చివరికి అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. అక్కడ పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డులో చదివారు. 1925లో ఫిస్క్ గారితో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. నేటికీ అది వారి ఇద్దరి పేర్లతోనే ప్రసిద్ధం. అంత పని చేసినా హార్వర్డులో స్థిరమైన పదవి లభించలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలకు వెళ్లారు. అక్కడ ఆయన మార్గదర్శకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. క్యాన్సరు చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ పరిశోధనల నుంచే వచ్చింది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడా అక్కడిదే. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

బోదకాలు మన డెల్టాను ఎంతగా పీడించిందో పెద్దలకు తెలుసు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్ర ఆ హెట్రజానే. ఉద్యోగం దొరకని భీమవరం బిడ్డ పరిశోధన, మందుగా తిరిగి భీమవరం వీధులకే వచ్చింది.

ఈ కథలో దాతలు వినవలసిన మాట ఒకటి ఉంది. సుబ్బారావు గారి అమెరికా ప్రయాణానికి అండగా నిలిచిన వాటిలో కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఒకటి. ఎవరో పుణ్యాత్ముడు ధర్మానికి విడిచిన ధనం, తలుపులు మూసుకున్న ఒక యువకునికి మరొక తలుపు చూపింది.

కాగితం మీద మూడు గడులు

ఇక చిరంజీవులకు ఆచరణలో పనికివచ్చే మాటలు చెబుతాను. తరువాతి కాలంలో బల్లకు ఆవలి వైపు కూర్చునే బాధ్యత నాకు చాలాసార్లు కలిగింది. రెండు వైపుల అనుభవంతో ఈ మాటలు చెబుతున్నాను.

ఇంటర్వ్యూ చెడిన రోజున ఇంటికి చేరి స్నానం చేసి కడుపు నిండా భోజనం చేయండి. ఏడుపు వస్తే ఏడవండి. ఆ రాత్రి గాని మరునాటి ఉదయం గాని, జ్ఞాపకం చెదరక ముందే అడిగిన ప్రశ్నలను, చెప్పిన సమాధానాలను వ్రాయండి. నాలాగ నెల రోజులు ఆగవద్దు. వ్రాసినవాటిని మూడు గడులుగా విభజించండి.

మొదటి గడి: తెలిసి కూడా చెప్పలేకపోయినవి. నా విషయంలో ఆనకట్ట ప్రశ్న అటువంటిది. దీనికి మందు మరింత చదవడం కాదు, నోరు తెరిచి చెప్పడం. మాస్టారు నన్ను ధవళేశ్వరం పంపారు. ఆనకట్ట గట్టు మీద నిలబడి చూశాను. 1833 నాటి కరువు, 1839 నాటి కోరంగి ఉప్పెన ఈ సీమను ఎట్లా కుంగదీశాయో తెలుసుకున్నాను. కాటన్ దొర ఆధ్వర్యంలో 1847లో పని మొదలై 1852లో పూర్తయిందని, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఉన్నదని, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో సుమారు 10 లక్షల ఎకరాలకు ఆ నీరే ఆధారమని గుర్తుపెట్టుకున్నాను. మాస్టారి అరుగు మీద కూర్చుండి రెండు నిమిషాలలో చెప్పడం అభ్యాసం చేశాను. మొదటి రోజు మాట నాలుగుసార్లు ఆగింది. పదవ రోజున ఆగలేదు.

రెండవ గడి: నిజంగా తెలియనివి. అందులో కొన్ని నేర్చుకోదగినవి, వాటిని నేర్చుకోండి. ప్రపంచంలో అన్నీ ఎవరికీ తెలియవు. తెలియనప్పుడు నిదానంగా, "క్షమించండి, ఈ విషయం నాకు తెలియదు" అని చెప్పడం అభ్యసించండి. బల్లకు ఆవల కూర్చున్నప్పుడు ఆ మాట విని నేను మార్కులు తగ్గించిన సందర్భం లేదు. కల్పించి చెప్పిన వారిని మాత్రం నమ్మలేకపోయాను. తెలియని ఒక్క విషయాన్ని దాచబోయి, తెలిసిన పది విషయాలను కూడా అనుమానం పాలు చేసుకునేవారు.

మూడవ గడి: ఎన్నడూ ఆలోచించనివి. ఈ ఉద్యోగం ఎందుకు? మీ బలం ఏది? లోపం ఏది? మధ్యలో ఒక సంవత్సరం ఖాళీగా ఉన్నదేమి? ఇవి పుస్తకాలలో దొరకవు. ఇతరుల సమాధానాలను కంఠస్థం చేస్తే అది వెంటనే తెలిసిపోతుంది. ఏకాంతంలో కూర్చుండి మీ జీవితంలో నుంచే వెదకాలి. మన పిల్లల్లో చాలామందికి అశోకవనం ఈ గడిలోనే ఉంటుంది.

ఇక మాట తీరు. కిష్కింధలో హనుమ భిక్షుక వేషంతో వచ్చి రామలక్ష్మణులతో మాట్లాడినప్పుడు, రామచంద్రుడు తమ్మునితో ఆ మాటను మెచ్చుకొన్నాడు. ఎక్కువ సాగదీయలేదు, సందేహం మిగల్చలేదు, తొందరపడలేదు, నత్తనడకా నడవలేదు, గొంతు మధ్యస్థంగా ఉంది, ముఖంలో గాని కనుబొమల్లో గాని వికారం లేదు అని ఆ ప్రశంస సారాంశం. ఇంటర్వ్యూకు వెళ్లే వారికి ఇంతకంటె మంచి పాఠం నేను ఎక్కడా చూడలేదు. ప్రశ్న పూర్తిగా వినండి. ఒక శ్వాస తీసుకోండి. అడిగిన దానికే చెప్పండి. ముగించవలసిన చోట ముగించండి.

భాష గురించి, యాస గురించి భయపడకండి. ఇంగ్లీషు అవసరమైన ఉద్యోగానికి ఇంగ్లీషు నేర్చుకోక తప్పదు. రోజుకు అరగంట బిగ్గరగా చదివితే నాలుక తిరుగుతుంది. అయితే తెలుగులో చదివినంత మాత్రాన తక్కువవారము కాము. శ్రీకాకుళం జిల్లా పారసంబకు చెందిన రోణంకి గోపాలకృష్ణ గారు అంతకుముందు ప్రయత్నాలు విఫలమైనా విడిచిపెట్టక, తెలుగును ఎన్నుకొని, 2016 సివిల్ సర్వీసుల పరీక్షలో దేశంలో 3వ ర్యాంకు సాధించారు. మౌఖిక పరీక్షను కూడా దుబాసీ సహాయంతో తెలుగులోనే ఎదుర్కొన్నారు. ఆ పరీక్షలో మొత్తం 2025 మార్కులకు ఇంటర్వ్యూకు 275 మార్కులు. అంతటి ముఖ్యమైన ఘట్టంలో మాతృభాష ఆయనకు అడ్డు కాలేదు. ఇక నా "ఆయ్" సంగతి. అది మర్యాద కలిగిన మాట. దానికి సిగ్గుపడిన రోజులకే నేను ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మరొక మాట దాచకుండా చెప్పాలి. అన్నిచోట్లా న్యాయమే జరుగుతుందని నేను అనను. సిఫారసులు నడిచే చోట్లు ఉన్నాయి. ఒక్క ఉద్యోగానికి ఇద్దరు సమానమైన అభ్యర్థులు వచ్చి, ఒకరిని మాత్రమే తీసుకోవలసి వచ్చి, రెండవవారి కోసం నేను బాధపడిన రోజులు కూడా ఉన్నాయి. ఆ రెండవవారికి ఆ సంగతి ఎన్నడూ తెలియదు. తనలో ఏదో పెద్ద లోపం ఉందనుకొని వెళ్లి ఉంటారు. కాబట్టి రాని ఉద్యోగాన్ని చూసి మీ విలువ కట్టుకోవద్దు. అట్లని ప్రతి వైఫల్యాన్నీ అన్యాయం ఖాతాలో వేయవద్దు. వీలైతే ఆ కార్యాలయం వారినే మర్యాదగా ఒక ఉత్తరం ద్వారా, "నేను ఏ విషయంలో మెరుగుపడాలో దయచేసి తెలుపగలరా?" అని అడగండి. అందరూ బదులివ్వరు. ఇచ్చిన ఒక్కరి మాట మీకు నెల రోజుల శ్రమ ఆదా చేస్తుంది.

తల్లిదండ్రులకు, దాతలకు

తల్లులారా, తండ్రులారా, బిడ్డ ఇంటర్వ్యూ నుంచి తిరిగి రాగానే గుమ్మంలోనే "ఏమైంది?" అని అడగకండి. ముందు "అన్నం తిన్నావా?" అని అడగండి. నాడు మా అమ్మ అట్లే అడిగింది. ముడుపు సంగతి ఎత్తలేదు. పక్కింటి వారి అబ్బాయి జీతం ప్రస్తావన అసలే వద్దు. బిడ్డకు ఇంట్లో నిజం చెప్పే ధైర్యం ఉంటేనే, పంటు మీద నేను చెప్పినటువంటి అబద్ధం చెప్పవలసిన అగత్యం ఉండదు.

దాతలకు నా విన్నపం చిన్నది. మీలో విశ్రాంత ఉపాధ్యాయులు, బ్యాంకు అధికారులు, ఇంజనీర్లు ఎందరో ఉన్నారు. అన్నదానానికి, గోసేవకు మీరు ఇచ్చేది గొప్పది. దానికి తోడు నెలకు ఒక ఆదివారం రెండు గంటలు మీ ఊరి పిల్లలను ఎదుట కూర్చోబెట్టుకొని ఇంటర్వ్యూలాగ ప్రశ్నలు అడగండి. తప్పులు చెప్పండి, మళ్లీ చెప్పించండి. మా మాస్టారి అరుగు నాకు చేసింది ఇంతే. దానికి ఖర్చు లేదు, రసీదు లేదు. ఒక ఇంటి దీపం మాత్రం నిలబడుతుంది.

మీరు అడగకపోయినా నా కథ ముగింపు చెప్పాలి. ఎనిమిది నెలల తరువాత మరొక ఇంటర్వ్యూకు వెళ్లాను. ఆనకట్ట ప్రశ్న కోసం ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. ఒక విషయం తెలియదని నిజం చెప్పాను. ఉద్యోగం ఎందుకో సూటిగా చెప్పాను. అయినా ఆ ఉద్యోగం రాలేదు. కానీ ఈసారి తిరుగు ప్రయాణంలో పంటు మీద అదే బాబాయ్ అడిగితే, "రాదేమోనండి. కానీ పోయినసారి కంటె బాగా చెప్పాను" అన్నాను. ఆ రాత్రే కాగితం తీశాను. మూడవసారి ఉద్యోగం వచ్చింది. మా అమ్మ ముడుపు చెల్లించింది.

ధ్వజస్తంభం దగ్గర కనిపించిన ఆ తల్లి ఈ సభలోనే కూర్చున్నారు. అమ్మా, స్వామివారికి మీ మీద దయ లేదని అనుకోకండి. "నేనే సరిగా చెప్పలేకపోయాను" అని ఒప్పుకునే నిజాయితీని మీ బిడ్డకు ఆయన ఇచ్చాడు. నాకు అది రావడానికి నెల రోజులు పట్టింది. నాయనా, ఈ రాత్రి భోజనం చేసి ఒక కాగితం తీసుకో. నీ అశోకవనం అందులో ఉంటుంది.